ఎనిమిదో తరగతి ప్రతినాయకి

మా జిల్లా పిల్లల శీలం ఎలా ఉందో ఎవరికీ సరిగ్గా తెలియదు గానీ, దాన్ని బాగుచేయడానికి మాత్రం ఒక అధికారి వచ్చారు. పేరు దిగ్విజయరావు. హోదా, జిల్లా శీల వికాస అధికారి. అంతకుముందు ఆయన చేపల పెంపకం చూసేవారట. అక్కడి నుంచి ఇక్కడికి ఎందుకు మార్చారో ఆయనకీ తెలియదు, చేపలకీ తెలియదు.

వచ్చిన కొత్తలోనే ఆయన ఒక సంగతి కనిపెట్టారు. ఏ పిల్లాణ్ణి కదిపినా ‘మేఘపురి వీరులు’ అనే కార్టూన్ సీరియల్ గురించే మాట్లాడుతున్నాడు. అందులో హీరో పేరు విద్యుత్. చిన్నప్పుడు పిడుగు పడితే చావకపోగా మహాశక్తి వచ్చింది. పసుపు బట్టలు వేసుకుంటాడు, నవ్వుతూ ఉంటాడు. అతనికి పోటీగా తిమిర్ అని ఒకడున్నాడు. అతని మీద ఏ పిడుగూ పడలేదు. అన్నీ సొంతంగా నేర్చుకున్నాడు. నల్లబట్టలు వేసుకుంటాడు, నవ్వడు. ఎప్పటికైనా విద్యుత్‌ని ఓడించాలన్నదే అతని పట్టుదల. బయటి నుంచి రాక్షసులెవరైనా వస్తే మాత్రం ఇద్దరూ పోట్లాట ఆపి, కలిసి వాళ్ల పని పడతారు.

“బాలల హృదయ కవాటాలకు తాళం చెవి లభించినది” అన్నారు దిగ్విజయరావు గారు. వెంటనే ‘నాయక-ప్రతినాయక తారతమ్య వివేచన ద్వారా శీల నిర్మాణ పథకం’ మొదలైంది. అర్ధ సంవత్సర పరీక్షలో తెలుగు పేపర్లో పది మార్కుల ప్రశ్న ఒకటి పెట్టించారు. “విద్యుత్, తిమిర్ పాత్రలను పోల్చి రాయుము.” ఏం రాయాలో కూడా జిల్లా ఆఫీసు నుంచే వచ్చింది. విద్యుత్‌కి పది సుగుణాలు, తిమిర్‌కి పది దుర్గుణాలు. ధైర్యానికి ఎదురుగా మొండితనం, ఉత్సాహానికి ఎదురుగా అసూయ, అలా వరసగా.

మా ఊరి ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెప్పే హైమవతి టీచర్, పిల్లల చేత ఆ ఇరవై ముక్కలూ బట్టీ పట్టించింది. పరీక్షలో అందరూ అవే రాశారు. ఎనిమిదో తరగతి ఝాన్సీ మాత్రం ఇంకోలా రాసింది.

“విద్యుత్‌కి శక్తి ఊరికే వచ్చింది. తిమిర్ రోజూ తెల్లారకముందే లేచి సాధన చేసి తెచ్చుకున్నాడు. విద్యుత్ మాట ఇచ్చి మర్చిపోతాడు, తిమిర్ మాటే ఇవ్వడు గానీ పని చేసేస్తాడు. మంచు కొండల యుద్ధంలో దెబ్బతిన్న విద్యుత్‌ని వీపు మీద మోసుకొచ్చింది తిమిరే. విద్యుత్ థాంక్స్ చెప్పలేదు. తిమిర్ ఆ మాట కోసం ఆగలేదు. విద్యుత్ లేకపోతే తిమిర్ అంత పొద్దున్నే లేవడు. తిమిర్ లేకపోతే విద్యుత్ అసలు లేవడు.”

హైమవతి టీచర్ అది రెండుసార్లు చదివి, పదికి పది వేసింది.

ఆ పేపరు జిల్లా ఆఫీసు తనిఖీకి వెళ్లింది. అక్కడి నుంచి సున్నాతోనూ, హైమవతికి సంజాయిషీ నోటీసుతోనూ తిరిగొచ్చింది. నేరం, “ప్రతినాయక పక్షపాతము, తత్ప్రోత్సాహము.” సరైన సమాధానం రాకపోతే కొండ మీద ఏకోపాధ్యాయ పాఠశాలకి బదిలీ అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. టీచర్ జవాబు రాసింది. “అమ్మాయి అన్ని భాగాలూ చూసి రాసింది. ఇందులో అబద్ధమైన వాక్యం ఒక్కటి చూపించ ప్రార్థన.” దానికి జవాబు వచ్చింది. “వాక్యములలో అబద్ధము లేకుండుటయే ఇచ్చట దోషము. అబద్ధమైనచో దిద్దవచ్చును.”

ఈలోగా ఫైలు కొంచెం దారి తప్పింది. దాని మీద ‘విద్యుత్ లోపములపై హైస్కూలు నివేదిక’ అని రాసి ఉండటంతో, ఎవరో దాన్ని కరెంటు ఆఫీసుకి పంపించేశారు. మర్నాడు ఇద్దరు లైన్‌మెన్లు నిచ్చెన వేసుకుని వచ్చి, బడంతా తిరిగి, స్టాఫ్ రూములో ఎన్నాళ్ల నుంచో తిరగని ఫ్యాను తిప్పి వెళ్లారు. ఆ పథకం వల్ల మా ఊరికి జరిగిన మేలు అదీ అని హెడ్మాస్టరు సన్యాసిరావు గారు చాలాకాలం చెప్పుకునేవారు.

తర్వాత వచ్చిన ఉత్తర్వు ఇంకా పెద్దది. సమాధానాలను బట్టి ప్రతి తరగతిలోనూ పిల్లల్ని నాయక స్వభావులు, ప్రతినాయక స్వభావులుగా విడదీయాలి. నాయకులకి పసుపు బిళ్ల, ప్రతినాయకులకి నల్ల బిళ్ల.

సన్యాసిరావు గారు లెక్క చూసుకుని ఫోన్ చేశారు. “సార్, మా బళ్లో అందరూ నాయకులేనండి. ఒక్క పిల్ల తప్ప.”

“అసంభవం” అన్నారు దిగ్విజయరావు గారు. “ప్రతినాయకుడు లేనిదే నాయకత్వము ఎట్లు ప్రకాశించును? సగము మంది ఉండవలెను.”

“మరి మిగతావాళ్లని ఎక్కణ్నుంచి తేవాలండి?”

“స్థానికముగా సమకూర్చుకొనుడు.”

సన్యాసిరావు గారు మెత్తని మనిషి. ఎవరి మనసూ నొప్పించకుండా ఎలా చెయ్యాలా అని ఆలోచించి, హాజరు పట్టీలో పై సగానికి నల్ల బిళ్లలు పంచేశారు. అలా మా ఊళ్లో అర్హతతో ప్రతినాయకి అయినది ఝాన్సీ ఒక్కతే. మిగిలినవాళ్లందరూ అక్షరక్రమం వల్ల అయ్యారు.

ప్రతి ప్రతినాయకుడికీ ఎదురుగా ఒక నాయకుణ్ణి జత చెయ్యాలి. ఝాన్సీకి ఎదురుగా లిఖిత పడింది. ఇక్కడే వచ్చింది చిక్కు. వాళ్లిద్దరూ ఒకే వీధి పిల్లలు. లిఖితకి సైకిలుంది. రోజూ లిఖిత తొక్కుతుంటే ఝాన్సీ వెనకాల క్యారేజీ మీద కూర్చుని, రెండు సంచులూ ఒళ్లో పెట్టుకుని బడికి వచ్చేది. ఇద్దరూ పరుగు పందెంలో దిట్టలు. మొన్నటిదాకా ప్రతి పోటీలోనూ లిఖిత ముందు, ఆమె వెనక గజం దూరంలో ఝాన్సీ. పొద్దున్నే చెరకు తోటల పక్క రోడ్డు మీద ఇద్దరూ కలిసే పరిగెత్తేవారు.

ఉత్తర్వు అమల్లోకి వచ్చిన రోజు హెడ్మాస్టరు గారు గేటు దగ్గర సైకిల్ ఆపారు.

“దిగమ్మా ఝాన్సీ.”

“ఏటండి? నానేటి చేసినాను?”

“నువ్వు ప్రతినాయకివమ్మా. నాయకులు, ప్రతినాయకులు ఒకే బండి మీద రాకూడదు.”

“మరి నిన్నటి దాకా వచ్చినాం గదండి?”

“నిన్నటి దాకా ఉత్తర్వు రాలేదమ్మా.”

ఇద్దరూ నవ్వేశారు. పెద్దవాళ్ల ఆటల్లో ఇదొకటి, రెండు రోజుల్లో పోతుందనుకున్నారు. పోలేదు. నాయకులు ముందు బల్లల మీద, ప్రతినాయకులు వెనక బల్లల మీద కూర్చోవాలి. మధ్యాహ్న భోజనంలో వరసలు వేరు. “సహజ పోటీతత్వ పరిరక్షణార్థము” జతలోని ఇద్దరూ పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోకూడదు. పొద్దున్నే కలిసి పరిగెత్తడం అసలే పనికిరాదు.

మొదట్లో లిఖిత ఉత్తర్వుని పట్టించుకోలేదు. కానీ ప్రతి సోమవారం ప్రార్థనలో నాయకుల చేత చప్పట్ల మధ్య ప్రతిజ్ఞ చేయించేవారు. వాళ్ల నాన్న ఆ బిళ్ల చూసి వీధంతా చెప్పుకున్నాడు. నెమ్మదిగా ఆ పిల్ల నడక మారింది. ఒకరోజు ఝాన్సీ లెక్కల నోట్సు అడిగితే లిఖిత బ్యాగు జిప్పు మీద చెయ్యి వేసి ఆగింది.

“నీకు ఇవ్వకూడదంట గదే.”

ఝాన్సీ మళ్లీ అడగలేదు. మర్నాటి నుంచి సైకిల్ వచ్చే వేళకి ముందే ఇంట్లోంచి బయల్దేరి, తోటల మధ్య నుంచి ఒక్కతే వెళ్లడం మొదలుపెట్టింది.

ఝాన్సీ తల్లి ఆదెమ్మ, బస్టాండు దగ్గర ఇడ్లీ బండి నడిపేది. ఆమెకి చదువు రాదు. ఓ సాయంత్రం కూతురి చొక్కాకి పిన్నుతో వేలాడుతున్న బిళ్ల చూసింది.

“ఏటిదే, నల్లగా ఉంది?”

ఝాన్సీ ఒక్క క్షణం తడబడింది. “బళ్లో ఇచ్చినారమ్మా. అందరికీ ఇవ్వరు.”

ఆదెమ్మ సంబరపడిపోయింది. ఎక్కడైనా ఊడి పడిపోతుందేమోనని, ఆ రోజే నల్లదారం తెచ్చి బిళ్ల చుట్టూ గట్టిగా కుట్టేసింది. నాలుగు వైపులా ముడులు వేసి, లాగి చూసి, “ఇంక పోదు” అంది. ఝాన్సీ తలాడించి, నీళ్లు తేవడానికి బిందె పట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

ఆటల పోటీల రోజు వచ్చింది. దిగ్విజయరావు గారే ముఖ్య అతిథి. కార్యక్రమానికి ముందే ఆయన హెడ్మాస్టరు గారిని పక్కకి పిలిచారు.

“పరుగు పందెములో ఫలితము సహజముగా నాయక పక్షముననే ఉండునట్లు చూడుడు.”

“సహజంగానేనండి?”

“పూర్తిగా సహజముగా.”

దాన్ని సహజంగా ఎలా చూడాలో తెలియక సన్యాసిరావు గారు దేవుడి మీద భారం వేశారు. నిజానికి ఆయన భయపడాల్సింది లేదు. లిఖిత ఎప్పుడూ గెలిచేదే. కానీ ఆ పిల్ల పొద్దున పరుగు మానేసి చాలా రోజులైంది. పక్కన పరిగెత్తేవాళ్లు లేకపోతే లేవాలనిపించలేదు. ఝాన్సీకి వేరే దారి లేదు. సైకిల్ లేదు కాబట్టి, బడి వేళ దాటిపోతుందని ఆ దూరమంతా రోజూ పరిగెత్తుతూనే వచ్చింది. ఉత్తర్వు ఆ రకంగా ఆమెకి ఉచితంగా శిక్షణ ఇచ్చింది.

పందెంలో మొదటి మలుపు దాకా ఇద్దరూ సమానంగా వచ్చారు. తర్వాత ఝాన్సీ ఒక్కతే కనిపించింది.

చప్పట్లు కొట్టాలా వద్దా అని బడంతా ముఖ్య అతిథి వైపు చూసింది. దిగ్విజయరావు గారు కళ్లజోడు తుడుచుకుని, మైకు ముందుకొచ్చారు. ఆయన తొణకలేదు.

“పథకము ఎన్నడును తప్పదు. గెలిచినది నాయకియే. కావున ఈ బాలికను ప్రతినాయకిగా గుర్తించుటలో పాఠశాల పొరబడినది. ఇక మీదట ఎవరు గెలిచిననూ, వర్గీకరణ ఆ ప్రకారము సవరించబడును. ప్రతి సవరణకూ మూడు ప్రతులలో దరఖాస్తు పంపవలెను. ఆమోదము వచ్చువరకు సదరు జత ఏ వర్గమునకూ చెందదు.”

అక్కడికక్కడే బిళ్లలు మార్చమన్నారు. లిఖిత బిళ్ల పిన్ను తీస్తే వచ్చేసింది. ఝాన్సీది రాలేదు. డ్రిల్ మాస్టారు లాగారు, ఇంకొకరు లాగారు. చివరికి క్రాఫ్ట్ టీచర్ కత్తెర తెచ్చి, వాళ్లమ్మ వేసిన ముడులన్నీ ఒక్కొక్కటే కత్తిరించింది. చొక్కా మీద చిన్న చిన్న చిల్లులు మిగిలాయి. ఆ చిల్లుల మీదే పసుపు బిళ్ల పెట్టారు. లిఖిత చేతిలో నల్ల బిళ్ల పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా నిలబడింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు ఝాన్సీ ఒక్కతే చూసింది.

ఆ సాయంత్రం సైకిల్ స్టాండు దగ్గర లిఖిత తాళం తీస్తుంటే ఝాన్సీ వచ్చి నిలబడింది.

“ఆ రోజు నోట్సు ఇవ్వలేదని కోపమా?” అంది లిఖిత.

“ఉంది” అంది ఝాన్సీ. “ఎక్కువే ఉంది.”

“ఇప్పుడు ఇస్తే తీసుకుంటావేటి?”

“ఇప్పుడెందుకే, ఆ లెక్కలు అయిపోనాయి.” ఝాన్సీకి నవ్వొచ్చింది. అది చూసి లిఖిత ముక్కు తుడుచుకుంది. ఝాన్సీయే మళ్లీ అందుకుంది. “ఒలే, మైకులో ఆయన అన్నది విన్నావా? ఆమోదం వచ్చినంత వరకూ మనం ఏదీ కాదంట.”

“అయితే?”

“ఏదీ కాపోతే ఒకే సైకిల్ మీద ఎల్లొచ్చు గదా.”

లిఖిత ఆలోచించింది. “ఆమోదం వచ్చేస్తే?”

“వచ్చేలోగా మళ్లీ పరిగెడదాం. ఈసారి నువ్వు గెలిస్తే మళ్లీ దరఖాస్తు. మూడు ప్రతులు.”

మర్నాడు పొద్దున్నే తోటల రోడ్డు మీద ఇద్దరూ పరిగెత్తారు. లిఖిత గెలిచింది. దరఖాస్తు వెళ్లింది. తర్వాతి రోజు ఝాన్సీ గెలిచింది. ఇంకో దరఖాస్తు. హైమవతి టీచర్ వాటి మీద సాక్షి సంతకం పెట్టి, అక్షర దోషాలు దిద్ది, ఏమీ తెలియనట్టు ముఖం పెట్టి హెడ్మాస్టరు గారి బల్ల మీద ఉంచేది. ఇద్దరూ మళ్లీ ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే సైకిల్ మీద ఇంటికి వెళుతున్నారు. అంతా నిబంధనల ప్రకారమే.

ఈ సంగతి బడంతా పాకింది. కబడ్డీలో ఓడినవాడు దరఖాస్తు పెట్టాడు. ఎక్కాలు ముందు అప్పజెప్పినవాడు పెట్టాడు. ఆరో తరగతిలో ఇద్దరు కుర్రాళ్లు ఎవరు ఎక్కువసేపు రెప్ప వెయ్యకుండా ఉంటారో పందెం వేసుకుని, ఆ ఫలితాన్ని మూడు ప్రతుల్లో సమర్పించారు. సన్యాసిరావు గారు పాఠాలు చెప్పడం మానేసి స్టాంపు వేస్తూ కూర్చున్నారు. చివరికి జిల్లా ఆఫీసుకి ఇలా రాసుకున్నారు. “ప్రస్తుతం మా పాఠశాలలో నాయకులు ఎవరూ లేరు. ప్రతినాయకులూ లేరు. విద్యార్థులందరూ పరిశీలనలో ఉన్నారు. నేను కూడా ఎక్కువకాలం ఇలా ఉండలేను.”

ఆ వారమే దిగ్విజయరావు గారు స్వయంగా విచారణకి వచ్చారు. కారు డిక్కీ నిండా మా బడి దరఖాస్తులే. వాటితో ఆయన సహనం కూడా నిండిపోయినట్టుంది. ఎనిమిదో తరగతిలో కుర్చీ వేయించుకుని, హైమవతి టీచర్ని నిలబెట్టారు.

“ఈ అరాచకమునకు మూలము మీరిచ్చిన పది మార్కులు. తిమిర్ వంటి దుష్టుని పొగిడిన బాలికకు మార్కులెట్లు వేసితిరి?”

“సార్, ఒక్క సందేహం. మీరు ఆ సీరియల్ చూశారా అండీ?”

“ముఖ్యాంశములు పరిశీలించితిని.”

“ఎక్కడండి?”

దిగ్విజయరావు గారు గొంతు సవరించుకున్నారు. “మా మనవడి నీళ్ల సీసా మీద. అందులో ఒకడు నవ్వుచున్నాడు, ఒకడు నవ్వుటలేదు. అంతకన్న ఏమి కావలెను?”

తరగతిలో ఎవరూ నవ్వలేదు. పిల్లలకి ఆయన మీద జాలి వేసినట్టుంది. “పాపం, సూడనేదంట” అని వెనక బల్ల నుంచి ఎవరో అన్నారు. హైమవతి టీచర్ గోడకున్న డిజిటల్ బోర్డు వైపు చూపించి, “విచారణలో భాగంగా సాక్ష్యం చూడొచ్చు కదండీ” అంది. సాక్ష్యం అనే మాట ఆయనకి నచ్చింది. ఒక్క భాగం చూస్తానన్నారు.

మంచు కొండల యుద్ధం వేశారు. మొదట ఆయన కలం పట్టుకుని కూర్చున్నారు. తిమిర్ దెబ్బతిన్న శత్రువుని వీపు మీద వేసుకుని మంచులో నడుస్తుండగా కలం కింద పెట్టేశారు. ఆ భాగం అయిపోయింది. “తదుపరి సాక్ష్యము” అన్నారు. అదీ అయిపోయింది. భోజనం వేళయిందని సన్యాసిరావు గారు గుర్తుచేస్తే, చేతితో ఆగమన్నారు. నాలుగో సాక్ష్యంలో విద్యుత్ శక్తంతా పోగొట్టుకుని అందరి ముందూ ఓడిపోతే, “అయ్యయ్యో” అన్నారు. అది గ్రాంథికం కాదని ఆయనే ముందు గమనించి, చుట్టూ చూశారు. అప్పటికే పిల్లలు జరిగి, ఆయన కుర్చీ చుట్టూ నేల మీద కూర్చున్నారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. “పథకము సంపూర్ణముగా విజయవంతమైనందున నిలిపివేయడమైనది.” హైమవతి బదిలీ సంగతి ఎత్తనే లేదు. ఝాన్సీ మార్కుల గురించి మాత్రం ప్రత్యేక పేరా ఉంది. జిల్లా ఆఫీసు ఒకసారి ఇచ్చిన సున్నాను రద్దు చేసే అధికారం జిల్లా ఆఫీసుకే లేదట. కాబట్టి, “సదరు సున్నాను యథాతథముగా ఉంచి, దాని ముందు ఒకటి చేర్చవలెను.”

బిళ్లలు వెనక్కి తీసుకోవడానికి దిగ్విజయరావు గారే వచ్చారు. ఆ పనికి గుమాస్తాని పంపితే సరిపోయేది. అట్టపెట్టెలో బిళ్లలన్నీ వేయించి, మిగిలినవాళ్లని పంపేసి, ఝాన్సీని, లిఖితని ఉండమన్నారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

“అమ్మాయ్, నేను అన్ని భాగాలూ చూసేశాను. మా మనవడు నిద్రపోయినా నేను మాత్రం చూశాను. నువ్వు రాసిందే నిజం. తిమిరే గొప్పవాడు. నాకు వాడే ఇష్టం. ఈ మాట ఆఫీసులో చెప్పుకోలేను, అందుకే నీతో చెబుతున్నాను.”

“నాకూ తిమిరేనండి” అంది లిఖిత వెంటనే.

ఝాన్సీ అట్టపెట్టెలోని బిళ్లల వైపు చూస్తూ ఉంది.

“ఏమ్మా, మాట్లాడవే?”

“నాకు విద్యుత్ ఇష్టమండి” అంది ఝాన్సీ.

దిగ్విజయరావు గారు నోరు తెరిచారు. “విద్యుత్తా? నువ్వా?”

“అవునండి. శక్తి పోయినప్పుడు అందరూ నవ్వినారు గదండి. ఆడు సిగ్గుపడనేదు. మొదటి నుంచి నేర్చుకుంటానని తిమిర్ దగ్గరికే ఎల్లి అడిగినాడు. నానైతే అలాగ అడగనేను. అందుకే ఇష్టం.”

“మరి పరీక్షలో తిమిర్ గురించి అంత రాశావు కదమ్మా! దాని మీదే కదా ఇదంతా…” ఆయన చెయ్యి అట్టపెట్టె మీంచి, బడి మీంచి, డిక్కీ తెరిచి ఉన్న కారు దాకా తిరిగింది.

“పోల్చి రాయమన్నారు, రాసినానండి” అంది ఝాన్సీ. “ఎవరు ఇష్టమని ఎవరూ అడగనేదు గదండి.”